ముప్పై తొమ్మిది దగ్గర ఆగిన పిల్ల

“తరణీ, మంచినీళ్ళు తాగావా తల్లీ? లెక్క ఎక్కడికీ పారిపోదు. ముందు నీళ్ళు తాగు.”

ఆ మాట అన్నది నూకరత్నం కాదు. గొంతు మాత్రం నూకరత్నందే. తన కూతురు చదివే సైనిక విద్యాలయం ఆఫీసు గదిలో, బల్ల మీద, గోళీకాయంత యంత్రం ఒకటి ఆ మాట అంది. ఇరవై రెండేళ్ళుగా రేవులో చేపల వేలంపాట పాడే మనిషికి తన గొంతు తనకి తెలీదా? ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

“దీన్ని తల్లిపలుకు అంటామమ్మా,” అంది కెప్టెన్ సుదక్షిణ. “చదువులో వెనకబడిన కాడెట్లకి చెవిలో పెడతాం. వాళ్ళ అమ్మే పక్కన కూచున్నట్టు ధైర్యం చెబుతుంది. నలభై మార్కులు దాటగానే తీసేస్తాం. సైనికులకి ఊతకర్ర అలవాటు కాకూడదు.”

ఆ కాలంలో గొంతు అరువివ్వని మనిషి లేడు. పొయ్యి ఆర్పమని ఒకరి గొంతు, మందు మింగమని ఒకరి గొంతు. పోయిన తాత కూడా బస్సులో స్టాపుల పేర్లు చెబుతూనే ఉండేవాడు. రేవు ఒక్కటే లొంగలేదు. యంత్రం గొంతులో ఆత్రం ఉండదు, ఆత్రం లేని పాటకి కొనేవాడు చెయ్యెత్తడు.

“ఇంత మంచిగా సెప్తంటే మరి నా బిడ్డ పరీచ్చ ఎందుకు తప్పుతాది?” అంది నూకరత్నం. గొంతు బొంగురుగా, గీసుకుపోయి వచ్చింది.

“అదే మాకూ అర్థం కావడం లేదు. దిక్కుల గణితంలో మూడుసార్లు తప్పింది. సోమవారం నాలుగోసారి. అదీ పోతే ఇంటికి పంపేస్తాం. అందుకే మిమ్మల్ని పిలిపించాం. పది నిమిషాలు మాట్లాడండి.”

సర్కారు తీరే అంత. తల్లిని మూడు నెలలు గేటు అవతల నిలబెడుతుంది, తల్లి గొంతుకి మాత్రం లోపల పీట వేస్తుంది. పని చెడ్డాక తల్లికి కబురు పెడుతుంది.

కెప్టెన్ వెళ్ళింది. తరణి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల, గుండుకి కాస్త తక్కువగా కత్తిరించిన జుట్టు, ఇస్త్రీ చెదరని యూనిఫాం. తల్లిని చూసి నవ్వింది. కానీ ముందు చెయ్యి పోయింది బల్ల మీది గోళీకాయ వైపు. అది చూసింది నూకరత్నం. చటుక్కున దాన్ని లాక్కుని, బిడ్డకని తెచ్చిన రొయ్యల పచ్చడి డబ్బాలో పడేసి మూత బిగించింది.

“అమ్మా!”

“తరణీ, ఎక్కడున్నావమ్మా?” అంది డబ్బాలోంచి గొంతు.

“ఇక్కడే ఉంది. నువ్వెవత్తివే అడగడానికి?” అని డబ్బా మీద ఒక్కటి చరిచింది నూకరత్నం. డబ్బా నోరు మూసుకుంది. తరణికి నవ్వు ఆగలేదు. తల్లికి మాత్రం నవ్వు రాలేదు.

“మార్కులు సెప్పు.”

“ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. మళ్ళీ ముప్పై ఎనిమిది.”

నూకరత్నం కళ్ళు చిన్నవయ్యాయి. వేలంలో ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూసింది! చేప విలువ తెలియనివాడు ఎక్కడో తప్పు ధర దగ్గర తూలిపడతాడు. అసలు ధరకి ఒక్క మెట్టు కింద, ప్రతిసారీ, నిలబడి ఆగేవాడు ఉంటాడే, వాడికి అంతా తెలుసు.

“రానోళ్ళు పన్నెండు దగ్గరో పాతిక దగ్గరో పడతారే. ముప్పై తొమ్మిది దగ్గర ఆగాలంటే నలభై ఎక్కడుందో బాగా తెలియాల. కావాలనే ఆగుతున్నావు గదా?”

తరణి బూట్ల వంక చూసుకుంది. “దాటితే దాన్ని తీసేస్తారు.”

ఇన్ని యంత్రాలు, ఇంతమంది ఆఫీసర్లు. ఒక్కరికీ తట్టలేదు ఈ సంగతి.

“అదంత ముద్దొచ్చిందా నీకు? తిట్టదనా?”

“తిట్టదని కాదమ్మా. మాట్లాడుతుందని. నువ్వు తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చాక గొంతు దాచుకునేదానివి, పొద్దుటి వేలానికని. అన్నానికో సైగ, పడుకోమని ఓ సైగ. ఇక్కడికి ఫోన్‌లోనూ ఊఁ, ఆఁ. అంతే. నీ గొంతు అంత మెత్తగా ఉంటుందని అది మాట్లాడాకే తెలిసింది.”

బిడ్డని చేర్పించేటప్పుడు విద్యాలయం వాళ్ళకి గొంతు నమూనా ఇచ్చిన రోజు నూకరత్నానికి గుర్తొచ్చింది. రెండు రోజులు నోరు మెదపొద్దన్నారు. మెదపలేదు. మిరియాల పాలు తాగి, మూడో రోజు రికార్డింగు పెట్టె ముందు కూచుని ఆరు గంటలు మాట్లాడింది. పదహారేళ్ళలో కూతురికి ఒక్కపూటైనా ఇవ్వని గొంతుని పెట్టెకి పోసి వచ్చింది. ఇప్పుడు ఎవరి మీద ఏడవాలి?

“సోమారం నలభై దాటు,” అంది లేస్తూ. “దాటి, సాయంత్రం ఆరింటికి ఫోన్ సెయ్యి.”

“చేస్తే?”

“సెయ్యవే ముందు.”

ఆదివారం, సోమవారం రేవులో నూకరత్నం పెదవి విప్పలేదు. వేలం గట్టు మీదకి పోలమ్మని తోసింది. పోలమ్మ ఆ గట్టు మీద పదేళ్ళుగా కన్నేసిన మనిషి.

“ఏటే రత్నం, నోరు పడిపోయిందేటి? సముద్రానికి మొక్కుకున్నావా?” అంది పోలమ్మ. నవ్వుతూనే గట్టెక్కింది. పాట అందుకుంది. చేతులు టపటపా లేచాయి. వంజరం చేపల బుట్ట నూకరత్నం పాటలో ఎన్నడూ పలకని ధర పలికింది. నూకరత్నం పళ్ళు నూరుకుంది. మిరియం గింజ బుగ్గన పెట్టుకుని చప్పరించింది. ఒక్క కేక వేస్తే పోలమ్మ గట్టు దిగిపోతుంది. వెయ్యలేదు.

ఆరింటికి ఫోన్ మోగింది.

“అరవై ఒకటమ్మా. మధ్యాన్నమే దాన్ని తీసేసుకున్నారు,” అంది తరణి. “చెవి ఖాళీగా ఉంది.”

“మంచినీళ్ళు తాగావా తల్లీ?” అంది నూకరత్నం. రెండు రోజులు దాచిన గొంతు. తనకే కొత్తగా వినిపించింది. తరవాత ఏమనాలో తెలియక పోలమ్మ గురించి చెప్పింది. వంజరం బుట్ట గురించి చెప్పింది. పోలమ్మ పాటలో తాళం లేదని, కొన్నవాళ్ళకి బుద్ధి లేదని చెప్పింది. అవతల పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నాక కూడా ఆ గోళీకాయ మీద అక్కసు చల్లారలేదు.

“సెప్పే. అది బాగా మాటాడేదా, నేనా?”

తరణి ఏదో అనబోయేంతలో, ఇరవై రెండేళ్ళ కేకలు ఒక్కసారి గొంతుకి అడ్డంపడ్డాయి. నూకరత్నానికి దగ్గు తెర వచ్చింది. ఫోన్ దూరం పెట్టి ఆపుకోబోయింది. అంతా చెడిపోయిందనుకుంది.

“అమ్మా, ఫోన్ దూరం పెట్టకు,” అంది తరణి. “అది ఒక్కసారీ దగ్గలేదు. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు నీ దగ్గు ఇలాగే వినపడేది.”

నూకరత్నం ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకుంది. ఈసారి కావాలనే, ఇంకోసారి దగ్గింది.