అమ్మ చూడని మందారాలు

ఆరింటికి అమ్మ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. రాత్రంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులు బ్లీచింగ్ వాసన వేస్తున్నాయి. చెప్పులు విడుస్తూ గోడవారనున్న నాలుగు మందార మొక్కల వంక చిరాగ్గా చూసింది.

"ఏడాదైంది చిలకా, ఒక్క పువ్వైనా పూసిందా? మొగ్గలన్నీ ముడుచుకుని రాలిపోవడమే. సాయంత్రం పీకి పారేసి బట్టల తీగ కట్టుకుందాం."

పెదవి విప్పని కూతురికి అమ్మ వేళాకోళంగా పెట్టిన పేరు చిలక. అమ్మాయి ఏదో చెప్పబోయేలోగా అమ్మ లోపలికెళ్ళి ముసుగు పెట్టి పడుకుంది. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న అమ్మను లేపకూడదన్నది ఆ ఇంటి చట్టం. బడికి సెలవైనా అంతే. అమ్మాయి గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోముతుంది.

ఎనిమిదింటికి రోజూలాగే మందారాలు విచ్చుకున్నాయి. ఎర్రగా, అరచేతంత, మొత్తం తొమ్మిది. ఆ ఇంట్లో పగటిపూట అమ్మాయి మాట్లాడేది వాటితోనే.

"మిమ్మల్ని పీకేస్తుందట," అని మెల్లగా చెప్పి బడికి వెళ్ళింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ చేతిలో గునపం ఉంది. మొదటి మొక్క వేళ్ళతో సహా పక్కకు ఒరిగి ఉంది.

"వద్దమ్మా. అవి పూస్తాయి."

"నా కంటికి కనబడకుండానా?"

"నువ్వు పడుకున్నాక విచ్చుకుంటాయి. నువ్వు లేచేసరికి ముడుచుకుపోతాయి."

అమ్మాయి కింద రాలినదాన్ని ఒకటి ఏరి, చుట్టుకుపోయిన రేకులను వేళ్ళతో విప్పింది. నలిగినా లోపలంతా ఎరుపే. అమ్మ మొగ్గ అనుకుని రోజూ ఊడ్చి పారేసింది దాన్నే.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నోట్లో నాలుక లేదా?"

"ఎప్పుడు చెప్పను? వచ్చేసరికి నీకు నిద్ర. లేచేసరికి డ్యూటీ హడావుడి. నేనూ వాటిలాగే కదమ్మా. నువ్వు నిద్రపోయేటప్పుడే ఉంటాను."

అమ్మ పీకిన మొక్కను మళ్ళీ గుంటలో నిలబెట్టి, మట్టి కప్పి నీళ్ళు పోసింది. ఆ మట్టిచేతులతోనే కూతురి జడ సవరించింది. డ్యూటీకి ఆలస్యమైనా కాసేపు అక్కడే నిలబడింది.

మర్నాడు అమ్మ వస్తూనే మెట్టు మీద కూర్చుంది. "ఇవాళ చూసే పడుకుంటా."

ఏడున్నరకే ఆమె తల కూతురి భుజం మీదికి వాలిపోయింది. సన్నగా గురక. అమ్మాయి కదలకుండా కూర్చుంది. ఎదురుగా ఒక మందారం రేకు విచ్చుకుంది, తరువాత ఇంకొకటి. అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టింది. ఆ తరువాత, ఏడాదిలో మొదటిసారి, ఆ ఇంటి చట్టాన్ని దాటింది.

"అమ్మా, లే."