కూర్చోబెట్టే ఇల్లు

ఆ ఇంటి జోలికి పోవద్దని ఆ కొండ ఎక్కేవాళ్ళందరూ చెబుతారు. పోతే ఏమవుతుందయ్యా అంటే మాత్రం నసుగుతారు. అక్కడ ఎవరూ కేకలు పెట్టరు. ఎవరూ వెంటపడరు. రాళ్ళు పడవు. లోపలికి వెళ్ళినవాడు కూర్చుంటాడు... అంతే. మళ్ళీ లేవబుద్ధి కాదు.

అడవిలో మంట లేస్తే కనిపెట్టి కిందికి కబురు చేయడానికి, ఎప్పుడో ఒక కాపలాదారు కోసం కట్టిన రాతి గది అది. కాపలాదారు పోయాడు, తలుపు పోయింది, కప్పు సగం పోయింది. పేరు మాత్రం మిగిలింది — కూర్చోబెట్టే ఇల్లు.

నేను దెయ్యాల్ని నమ్మను. ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టే ఉద్దేశమూ లేదు. మా చిన్నల్లుడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చివర కొంచెం మాత్రం నేను కళ్ళారా చూసింది.

అల్లుడు లిఫ్టు మెకానిక్. మనిషి వెదురు కర్రలా ఉంటాడు. ఏ భవనంలో లిఫ్టు బాగుచేసినా, పని అయ్యాక అదే భవనం మెట్లు దిగి, ఎక్కి, మళ్ళీ దిగేవాడు. కొండల్లో జరిగే పెద్ద పరుగు పందేనికి సాధన అట. పొద్దున మొదలైతే మర్నాటి పొద్దు దాకా కాలిబాటల మీద పరుగే.

"దీనికి ఎదురు డబ్బు కూడా కట్టావా? కుక్కని ఉసిగొల్పితే ఊరికే పరిగెత్తిస్తుంది కదయ్యా" అన్నాను.

"కుక్క మెడల్ ఇవ్వదు మావయ్యా."

"పంటి గాటు ఇస్తుంది. మెడల్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది."

మా అమ్మాయి నవ్వలేదు. "ఒంట్లో బాగోకపోతే మానెయ్. మానేశానని ఒక్క ఫోన్ చెయ్. నేనేమీ ఎగతాళి చెయ్యను" అంది.

"నేను మానేసే రకం కాదు" అన్నాడు వాడు, బూటు తాడు బిగించుకుంటూ.

ఆ రోజు ఏదీ కలిసిరాలేదు. మధ్యాహ్నం ఎండకి తాగిన నీళ్ళు తాగినట్టే కక్కేశాడు. దిగుడులో జారి రాయికి మోకాలు కొట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి మోకాలు బూరెలా పొంగింది. చీకటి పడగానే వాన. వెనకవాళ్ళంతా దాటిపోయారు. దాటినవాడల్లా "బాగానే ఉన్నావా?" అనడం, వీడు "ఆఁ" అనడం. చివరికి ఆ అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

అప్పుడు నిర్ణయించుకున్నాడు — ఇక మానేద్దామని. నడుస్తూనే ఏడ్చాడట. నాతో చెప్పేటప్పుడు అటు తిరిగి చెప్పాడు.

అయితే ఆ పందెంలో ఎక్కడ పడితే అక్కడ మానేయడం కుదరదు. తర్వాతి టెంటు దాకా నడవాలి. అక్కడివాళ్ళు ఛాతీ మీదున్న నంబరు గుడ్డ మూల కత్తిరించి, బండెక్కించి ఇంటికి పంపిస్తారు. కత్తెర పడితేనే మానేసినట్టు. పడకపోతే... తప్పిపోయినట్టు.

"ఓడిపోవడానికి కూడా ఒక కొండ దిగాలి మావయ్యా" అన్నాడు.

ఆ టెంటుకి ఇవతలే ఉంది ఆ ఇల్లు.

పేరు గుర్తుంది. కానీ వాన ముఖం మీద సూదుల్లా గుచ్చుతోంది. ఒక్క నిమిషం... గోడ చాటున నిలబడి, వెళ్ళిపోదాం అనుకున్నాడు.

లోపల అప్పటికే ఒకాయన ఉన్నాడు.

గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని. ఛాతీ మీద పందెం నంబరు. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది — తనలాంటి వాడే ఒకడు!

"అన్నా, మీరూ మానేశారా?"

"కూర్చో నాయనా..." గుసగుసలాగా వినిపించింది. "బండి ఇక్కడికే వస్తుంది."

"టెంటు దాకా వెళ్ళక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఇక్కడే కత్తిరిస్తారు. కూర్చో."

కూర్చున్నాడు.

కూర్చోగానే మోకాలి నొప్పి పోయింది. తగ్గడం కాదు — పోయింది. కాసేపటికి చలి కూడా పోయింది. వాన చప్పుడు ఎక్కడో పక్క వీధిలో పడుతున్నట్టుంది. పొద్దుట్నుంచి తనని ఇంత మెత్తగా పలకరించిన గొంతు ఇదొక్కటే అనిపించిందట. "ఎంత కష్టపడ్డావో... ఇక చాల్లే" అంటోంది. అవును, చాల్లే అనుకున్నాడు. నుదుటి లైటు వెలుగు తగ్గిపోతున్నా, బ్యాటరీ మార్చాలనిపించలేదు.

ఎంతసేపు అలా ఉన్నాడో తెలీదు. బద్ధకంగా ఒక్క ఆలోచన వచ్చింది. పుట్టు మెకానిక్ కదా — ఏదైనా వస్తుందంటే ఎటునుంచి వస్తుంది అని చూసే అలవాటు.

బండి వస్తుంది సరే... దారేదీ?

గుమ్మంలోంచి లైటు వేసి చూశాడు. బయట మనిషి పాదమంత బాట. బాటకి అటు పక్క లోయ. ఇటు పక్క నిట్టనిలువు కొండ. అక్కడికి బండి కాదు గదా, సైకిలు కూడా రాదు.

లైటు ఆయన ముఖం మీదికి తిప్పాడు. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు సగం మూసి ఉన్నాయి. అంత చలిలో ఒళ్ళు వణకడం లేదు.

"అన్నా! అన్నా, లేవండి! ఎప్పట్నుంచి కూర్చున్నారు?"

బుగ్గల మీద కొట్టాడు. చల్లటి రాయిని కొట్టినట్టుంది. ఛాతీకి చెవి ఆనిస్తే లోపల ఎక్కడో గుండె ఆడుతోంది.

"కూర్చో నాయనా... వచ్చేస్తోంది..."

ఆయన పెదాలు కదిలాయా లేదా, ఆ గుడ్డి వెలుగులో తెలియలేదు.

లేవడానికి కాళ్ళు ఒప్పుకోలేదు. కాళ్ళే కాదు, అసలు తనే ఒప్పుకోలేదట. ఎందుకు లేవాలి, ఎవరి కోసం... అప్పుడు మా అమ్మాయి గుర్తొచ్చింది. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇక్కడ పోతే మానేసినట్టు కూడా కాదు.

గోడ రాళ్ళలో గోళ్ళు దిగేసి లేచాడు. మరుక్షణం మోకాలి నొప్పి అంతా తిరిగొచ్చింది. తన వానకోటు విప్పి ఆయన మీద కప్పాడు. "మనుషుల్ని పంపిస్తాను. నిద్రపోకండి" అని చెవిలో అరిచి, గుమ్మం దాటాడు.

ఆ దిగుడు సగం నడిచాడు, సగం పాకాడు. టెంటులో ముందు అన్న మాట "పైన మనిషున్నాడు" అని. వాళ్ళు స్ట్రెచరు పట్టుకుని కొండెక్కారు. ఒకమ్మాయి మాత్రం ఆగి, కత్తెర తీసి, నంబరు మూల కత్తిరించింది. అప్పుడు ఫోన్ చేశాడు.

"మానేశాను" అన్నాడు.

"బంగారం లాంటి పని చేశావ్" అంది మా అమ్మాయి.

తెల్లారేసరికి ఆయన్ని ప్రాణాలతో కిందికి దించారు.

ఇంటికొచ్చాక అల్లుడు పనికి వెళ్ళలేదు. కిటికీ పక్క కుర్చీలోనే ఉండేవాడు. అన్నం అక్కడే, నిద్ర అక్కడే. మోకాలు కదా, పోనీలే అనుకున్నాం. వాపు తీసింది. అయినా అక్కడే. "ఒకసారి ఆయన్ని చూసొద్దాం రా" అని నేనే బలవంతాన ఆసుపత్రికి బయల్దేరదీశాను.

ఆయన బడిలో డ్రాయింగ్ మాస్టారట. కాలి వేళ్ళు తీసేశారు. రెండు పాదాలకీ కట్లు. అల్లుడు మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నాకు నోరు ఊరుకోదు కదా. "అంతా బాగానే ఉంది గానీ మాస్టారూ, బండి వస్తుందని మావాడికి ఎందుకు చెప్పారండీ? ఇద్దరూ పోయేవారు!" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశాడు.

"నేనా? నాకప్పటికి నోరు పెగిల్తే కదండీ! ఆవిడ చెప్పింది."

"ఏ ఆవిడ?"

"మా మధ్యన కూర్చుందే... ఆవిడ. వెలుగుండగానే వచ్చింది. నాకూ అదే చెప్తూ కూర్చుంది."

నేను నవ్వాను. చలికి బుర్ర పనిచెయ్యదు, లేనివాళ్ళు కనిపిస్తారు, అంతే అన్నాను.

"కావచ్చండీ" అన్నాడాయన. "కానీ ఈ అబ్బాయి లేచినప్పుడు ఆవిడా లేచింది. ఇతని వెనకే వెళ్ళింది. తోడుగా వెళ్తోంది కాబోలు అనుకున్నాను. ఆవిడ అటు వెళ్ళాకే నాకు చలి తెలిసింది... వణుకు మొదలైంది. డాక్టరు గారు ఆ వణుకే మిమ్మల్ని బతికించిందన్నారు."

నర్సు వచ్చి టైమైంది, బయటికి నడవమంది.

"పదవయ్యా, వెళ్దాం" అన్నాను.

"మీరు వెళ్ళండి మావయ్యా" అన్నాడు అల్లుడు, చాలా మెల్లిగా. "నేను కాసేపు ఉంటాను."

"ఉండేదేంటి? లే!"

లేవలేదు. నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. చేతికర్ర గోడకి ఆనించి, వాడి చంకల కింద రెండు చేతులూ వేసి, బలం కొద్దీ పైకి లాగాను.

ఒక్క మనిషి బరువు కాదది.