ముడి పడ్డ పిన్ను

"ఆ దారం ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతాను!"

కమోన్ కత్తెరతో సహా వెనక్కి తిరిగాడు. వంటింటి గుమ్మంలో పికున్, చేతిలో గరిటె. థోన్‌బురి కాలువ ఒడ్డున ఉన్న ఆ చెక్క ఇంటికి సిలిండర్ తనిఖీకని అతను రావడం ఈ నెలలోనే ఇది మూడోసారి.

"మంటలార్పే సిలిండర్ పిన్నుకి దారం కడతారా ఎవరైనా? పిన్ను ఊడి రాకపోతే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"గుళ్లో భిక్షువు మంత్రించి ఇచ్చిన దారం అది. ఇంటికి మంచిదని మా అమ్మమ్మ కట్టింది. అయినా, నెలకోసారి గేజులో ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూసుకుంటే చాలన్నది మీరే కదా. మళ్లీ ఎందుకొచ్చినట్టు?"

కమోన్ కత్తెర దించాడు. "అంటే... లోపల పౌడర్ గడ్డకడుతుంది కదా. ఓసారి తలకిందులు చేసి కుదుపుదామనీ..."

"అబ్బో, సిలిండర్ మీద ఎంత ప్రేమో!"

నవ్వు ఆపుకోలేక పికున్ మొహం పక్కకు తిప్పుకుంది. బయట వాన మొదలైంది. పొద్దుగూకుతోంది.

టిక్.

సిలిండర్ పిన్నుకున్న రింగు కదిలింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

పూజగదిలోంచి అమ్మమ్మ వచ్చి సిలిండర్‌కి దణ్ణం పెట్టింది. "బెదిరిపోకు నాయనా, మా ఆయనే. రోజూ ఈ వేళకి వస్తారు. నాలుగేళ్ల కిందట నేను గుడికెళ్లినప్పుడు వంటింట్లో నిప్పంటుకుంది. పొగకి నిద్రలోనే పోయారు, ఏ బాధా పడకుండా. అప్పట్నుంచీ ఇంటికి కాపలా."

కమోన్ ఒంగి చూశాడు. దారం మసిబారి ఉంది. రింగు చుట్టూ ఎర్రరంగు మీద గోళ్ల గీతలు. తలెత్తేసరికి పికున్ అతని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది.

"అమ్మమ్మకి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది! తాతయ్య మంచం మీద పోలేదు. సిలిండర్ దగ్గరే పడి ఉన్నాడు. రింగులోంచి ఆయన వేలు తీసింది నేనే. తను వేసిన ముడి వల్లే పిన్ను రాలేదని తెలిస్తే అమ్మమ్మ బతకదు."

"మరి మళ్లీ నిప్పంటుకుంటే? ఇంట్లో ఉన్నది మీరిద్దరే. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను, పికున్. అందుకే వస్తున్నాను ఇన్నిసార్లు."

"ఇదా అది చెప్పే టైము?" అంటూనే ఏడ్చేసింది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

టిక్. టిక్. టిక్‌టిక్‌టిక్.

ఇద్దరూ లోపలికి పరుగెత్తారు. రింగు నిటారుగా లేచి ఉంది. అవతల ఎవరో పట్టి గుంజుతున్నట్టు దారం తెగేంతగా బిగుసుకుంది. నిప్పు లేని పొయ్యి దగ్గర్నుంచి పొగ వాసన. కమోన్‌కి దగ్గొచ్చింది.

అమ్మమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది.

"కాపలా కాసేవాళ్లు ఇలా లాగరే..." అంది మెల్లగా. "ఇన్నాళ్లూ లాగుతూనే ఉన్నారా? పికున్, నా మీద ఒట్టు. మీ తాతయ్య ఎక్కడ దొరికారు?"

పికున్ సిలిండర్ కింది నేలని వేలితో చూపించింది, అక్కడే అని.

"అయ్యో! నా చేతులతోనే ముడేశానే!" అమ్మమ్మ నేల మీద కూలబడింది. ఆ ఏడుపు వినలేక పికున్ చెవులు మూసుకుంది. కాసేపటికి ముసలామె కమోన్ వైపు చెయ్యి చాపింది. అతను కత్తెర ఇచ్చాడు.

దారం తెగింది. పిన్ను దానంతటదే ఊడి, నేల మీద దొర్లి ఆగింది. పొగ వాసన పోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

కమోన్ తను వచ్చిన పడవలోంచి కొత్త సిలిండర్ తెచ్చి, పొయ్యికి దూరంగా గుమ్మం పక్కన తగిలించాడు. పిన్ను లాగడం, మంట మొదట్లోకి గురిపెట్టడం, పిడి నొక్కుతూ అటూ ఇటూ ఊపడం ఉత్తుత్తిగా అమ్మమ్మ చేతే చేయించాడు. ఆవిడ అన్నీ నేర్చుకుంది. అతను సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి? అన్నం తిని వెళ్లు," అంది అమ్మమ్మ.

పికున్ గబగబా మూడు కంచాలు పెట్టి, వేడి అన్నం, చేపల పులుసు వడ్డించింది. బల్ల దగ్గర మిగిలింది తాతయ్య కుర్చీ ఒక్కటే. నాలుగేళ్లుగా అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు అమ్మమ్మ. కమోన్ దాని వెనకే నిలబడిపోయాడు.

అమ్మమ్మ ఆ కుర్చీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత మనవరాలి మొహం చూసింది.

"కూర్చో నాయనా," అంది. "ఆయన లేచి వెళ్లిపోయారు."