మూగ మెట్టు

అబద్ధం ఆడేవాడికి జ్ఞాపకశక్తి బాగా ఉండాలంటారు. మన డ్రైవర్‌కి ఉన్న జ్ఞాపకశక్తంతా బస్సు స్టాపులకే సరిపోయింది.

"కీబోర్డు ఎవరికండీ?" అని వాయిద్యాల షాపులో అమ్మాయి మామూలుగానే అడిగింది. చేతిలో దుమ్ము తుడిచే గుడ్డ, జడలో గుచ్చుకున్న పెన్సిల్.

"మా మేనకోడలికండీ." అడగడం ఆలస్యం, నోట్లోంచి ఊడిపడింది ఆ మాట.

మేనకోడలు ఉన్నమాట నిజమే. అక్క కూతురు, ఏడేళ్లది, సైకిల్ కొనమని ఇల్లు పీకి పందిరి వేస్తోంది. కీబోర్డంటే కంప్యూటర్ ముందు ఉండేదనే దానికి తెలుసు. నేర్చుకోవాలని ఉన్నది ఇతనికి. ముప్పై దాటాక ఓనమాలు దిద్దుతానంటే డిపోలో వాళ్లు తను రిటైరయ్యేదాకా ఏడిపిస్తారని భయం.

ఆ కోరిక పుట్టింది ఈ షాపు ముందరే. ఎదురుగా సిగ్నల్ ఉంది. ఒక సాయంత్రం కుండపోత వాన. ఎర్రలైటు పడి బస్సు ఆగింది. ఎవరో షాపు తలుపు తెరిస్తే లోపలినుంచి ఒక రాగం బయటికొచ్చింది. ఎక్కడో అడుగున మొదలై, మెలికలు తిరుగుతూ పైపైకి ఎక్కి, ఇక ఎక్కడానికి చోటు లేనిచోట ఆగింది. పగలంతా ఇంజన్ రొద తప్ప ఇంకోటి వినని చెవులవి. అతనికి ఒళ్లంతా గగుర్పొడిచింది. మనిషి చేతుల్లోంచి ఇలాంటిది వస్తుందా అనుకుంటూ ఉండిపోయాడు.

"ఏం గురూ, ఇక్కడే కాపురం పెడదామా?" అని వెనకనుంచి కండక్టర్ కేకేస్తే గానీ పచ్చలైటు పడిన సంగతి తెలియలేదు.

అదీ సంగతి. ఇప్పుడు షాపులో నిలబడి మేనకోడలి పేరు చెప్పాడు.

"పాప చెయ్యి ఎంతుంటుంది?" అని అడిగిందామె. అతను రెండు వేళ్ల మధ్య చిన్న కొలత చూపించాడు. "అయితే చిన్న మెట్లది చాలు," అని ఒకటి తీసి బల్లమీద పెట్టింది. ఆ షాపులో కీలను మెట్లంటారు. ఆమె తండ్రి హార్మోనియంల కాలం మనిషి, ఆ మాట అలా ఉండిపోయింది.

అతను ఒక వేలు ఆనించాడు. రెండు మెట్లు ఒకేసారి పలికాయి.

"పెద్దది చూపించండి. పాప ఎదుగుతుంది కదా."

"ఎదిగాక మార్చుకోవచ్చండీ."

"మా వంశంలో చేతులు తొందరగా ఎదుగుతాయండీ."

ఆమె అతని చేతులు చూసింది. స్టీరింగ్ పట్టి పట్టి కాయలు కాసిన చేతులు. "అది కనిపిస్తూనే ఉంది," అంది.

అతని చూపు పక్కనున్న దానిమీద పడింది. రంగురంగుల దీపాలు, వందల శబ్దాలు, ఒక బటన్ నొక్కితే డప్పులు. "ఇది బాగున్నట్టుంది."

"దీపాలకి పాట రాదండీ. ఒకసారి కళ్లు మూసుకోండి."

"ఎందుకండీ?"

"మూసుకోండి, ఏం కొట్టెయ్యను."

మూసుకున్నాడు. ఒక స్వరం వినపడింది. మళ్లీ అదే.

"మొదటిసారి మెల్లగా తాకాను, రెండోసారి గట్టిగా. తేడా తెలిసిందా?"

"లేదండీ."

"ఇప్పుడు ఈ రెండో కీబోర్డు వినండి."

ఈసారి మొదటి స్వరం నిద్రపోతున్నవాళ్లని లేపకుండా పిలిచినట్టుంది. రెండోది గుమ్మంలో నిలబడి పిలిచినట్టుంది. స్వరం ఒకటే, మనసు వేరు. ఇంత చిన్న ప్లాస్టిక్ ముక్క వెనక ఇంత ఉందా అని అతను అలాగే కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నేర్చుకునేవాళ్లకి ముందు కావలసింది ఇదే. మనం ఎలా తాకితే అలా పలకాలి. అది లేకపోతే ఎన్ని శబ్దాలున్నా బొమ్మే," అంది ఆమె.

కళ్లు తెరిచాడు. ఎదురుగా ఆమె ముఖం ఉంది. చెప్పింది కీబోర్డు గురించేనా అని అతనికి కాసేపు అనుమానం వచ్చింది.

కానీ అది అతని జేబుకి అందేది కాదు. ఆ సంగతి అతను చెప్పకముందే ఆమె గ్రహించి, లోపలినుంచి పాతదొకటి తెచ్చింది. "ఇది ఒకరు వాడి ఇచ్చేశారు. మెట్లు అరవై ఒకటీ పెద్దవే, తాకినట్టే పలుకుతాయి. నడిమధ్యలో ఒక్కటి మాత్రం మూగ. దాని భాగం తెప్పించి నాన్న వేసిస్తారు. మా షాపులో లోపం ముందు చెప్తామండీ, ధర తర్వాత. అబద్ధం చెప్పి అమ్మితే సరుకు పోతుంది గానీ మనిషి మళ్లీ రాడు."

అతను ఆమె వైపు చూడకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. కీబోర్డు చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

ఇక ప్రతి ఆదివారం షాపుకి హాజరు.

"భాగం వచ్చిందా అండీ?"

"ఇంకా లేదండీ. పాప ఎలా వాయిస్తోంది? మణికట్టు కిందికి జారుతోందా?"

అతను తన మణికట్టు వంక చూసుకుని, "జారుతోందండీ," అన్నాడు.

"నేనడిగింది పాపది."

"అదేనండీ, గుర్తు తెచ్చుకుంటున్నా."

ఆమె కింది పెదవి బిగబట్టి, బొటనవేలు ఎలా లోపలికి తిప్పాలో, వీపు ఎలా నిలపాలో చెప్పేది. పాపకి చెప్పమని మరీమరీ చెప్పేది. పాప ఆ సమయంలో పక్కింటివాళ్ల సైకిల్ మీద ఉండేది.

ఒక ఆదివారం కొత్త సరుకు వచ్చింది. ఆమె పెట్టె విప్పి, వైరు పెట్టి, ఆ వానసాయంత్రపు రాగం వాయించింది. అతను గోడకి ఆనుకున్నాడు.

"ఏం పాటండీ అది?"

"పాటేమీ కాదు, టెస్టింగ్," అని నవ్వింది. "మెట్లన్నీ పలుకుతున్నాయో లేదో చూడాలి కదా. వరసగా టకటకా నొక్కుకుంటూ పోతే చెవికి విసుగొచ్చి తప్పు దొరకదని మా నాన్న ఇలా కట్టారు. ప్రతి మెట్టూ ఒక్కసారే వస్తుంది. ఏదైనా పలక్కపోతే పాట అక్కడ కుంటుతుంది. ఇది మా ఇంట్లో ఇద్దరికే వచ్చు."

సరుకు బాగుందో లేదో చూడ్డానికి కట్టిన పాటకా తను నిండు బస్సు ఆపేసింది? ఆ తండ్రికి దండం పెట్టాలనిపించింది. ఈ అమ్మాయికి ఏం పెట్టాలో తెలియలేదు.

వచ్చిన ప్రతిసారీ కాస్త కాస్త చెవిలో నింపుకుని ఇంటికి మోసుకెళ్లేవాడు. ఉంటున్నది అక్కావాళ్లింట్లో. బావది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. అందుకని హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన. మధ్యలో ఆ మూగ మెట్టు వచ్చేసరికి వేలు గాల్లో ఎత్తి, ఒక్క క్షణం ఆగి, ముందుకు వెళ్లేవాడు. చివరికి పాటంతా ఒకసారి పడిపోకుండా దాటినరోజు, తన చేతులు తనవేనా అని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆమె అతని ముఖం చూడకుండా చెప్పింది. "భాగం వచ్చిందండీ. వచ్చేవారం కీబోర్డు తెండి. పాపని కూడా తీసుకురండి, నాకు చూడాలనుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మెట్టు బాగైతే ఇక షాపుకి రావడానికి వంక లేదు. నిజం చెబితే, లోపం ముందు చెప్పే మనిషి తన ముఖం మళ్లీ చూడదు. వారమంతా బస్సు నడిపింది అతనో, బస్సే అతన్ని నడిపిందో తెలియదు.

ఆ ఆదివారం కీబోర్డు పట్టుకుని ఒక్కడే వెళ్లాడు.

"పాప ఏదండీ?"

"జలుబు చేసిందండీ."

బల్ల పక్కన ఒక స్టూలు ఉంది. చిన్నపిల్లకి ఎత్తు అందాలని దానిమీద రెండు దిళ్లు వేసి ఉన్నాయి. అది చూసేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. ఆమె కీబోర్డు లోపలికిచ్చి రాగానే చెప్పెయ్యాలి, ఏమైతే అదయింది అనుకున్నాడు. లోపల ఆమె తండ్రి మెట్టు బాగుచేసి, కీబోర్డు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. అతను నోరు తెరిచేలోగా ఎవరో గిటార్ అడగడానికి వచ్చారు.

"ఒక్క నిమిషం. మీరు చూసుకుంటూ ఉండండి," అని ఆమె అటు వెళ్లింది.

మనసు నిలపడానికి అతనికి తెలిసిన దారి ఒకటే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వైరు గుచ్చి, కళ్లు మూసుకున్నాడు. పాట అడుగునుంచి మొదలైంది. మెలిక తిరిగింది. పైకెక్కింది. నడిమధ్యకి వచ్చింది. అలవాటు ప్రకారం వేలు ఎత్తి ఆగాడు.

ఆ ఖాళీలో ఒక స్వరం పలికింది.

అతను నొక్కలేదు. కళ్లు తెరిచాడు. పక్కనుంచి వచ్చిన సన్నటి వేలొకటి ఆ మెట్టు మీద ఉంది. ఇన్నాళ్లూ తను దాటుకుంటూ పోయిన స్వరం ఎంత బాగుందో అప్పుడు తెలిసింది.

ఆమె అతని చెవి మీదినుంచి హెడ్‌ఫోన్ తీసింది. "వైరు సగమే గుచ్చారు."

"అంటే..."

"అందరం విన్నాం."

గిటార్ కోసం వచ్చినతను గిటార్ సంగతి మరిచిపోయి నిలబడ్డాడు. లోపలి గది గుమ్మంలో ఆమె తండ్రి, స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూస్తున్నాడు.

"ఈ మెట్టు ఇప్పుడు పలుకుతుంది," అంది ఆమె, గొంతు తగ్గించి. "అయినా మీరు ఆగారు. మూగగా ఉన్నప్పుడు దీనిమీద నేర్చుకున్న చెయ్యి తప్ప ఇంకో చెయ్యి అక్కడ ఆగదు. పాప లేదు కదా?"

"పాప ఉందండీ. దానికి సైకిల్ కావాలి. నేర్చుకుంటున్నది నేనే." అతను తల దించుకున్నాడు. "మొదటిరోజు సిగ్గేసి చెప్పలేదు. మీరు లోపం ముందు చెప్తామన్నాక చెప్పే ధైర్యం లేకపోయింది. ఇంకోటి కూడా ఉంది. ఆ భాగం రాకూడదని ప్రతివారం కోరుకున్నాను. అది వస్తే మిమ్మల్ని చూడ్డం ఉండదని."

ఆమె గుడ్డతో తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

"వచ్చి నెలయింది," అంది చివరికి.

"ఏదండీ?"

"భాగం."

"నెలేంటమ్మా," అన్నాడు గుమ్మంలోంచి తండ్రి, "ఆయన కొన్న రెండోవారమే వచ్చింది. ఇంక దాచడం నావల్ల కాదని నేనంటే కదా ఈవేళ రమ్మన్నావు."

ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొదటిసారి ఆ రాగం విన్నప్పుడు ఎలా ఉండిపోయాడో ఇప్పుడూ అలాగే ఉండిపోయాడు.

తండ్రి దగ్గరికొచ్చి అతని చేతులు పట్టుకుని చూశాడు. "ఇవా ఆ పాట వాయించినవి? అదీ చెవితో విని? నాకు దాన్ని కట్టడానికి ఏళ్లు పట్టింది నాయనా." ఆయన గొంతు కాస్త బొంగురుపోయింది. "సరే, ఇద్దరూ లోపాలు ముందే చెప్పేసుకున్నారు. మా షాపు పద్ధతి ప్రకారం ఇక మిగతావి మాట్లాడుకోవచ్చు." గిటార్ అడిగినతన్ని భుజం మీద చెయ్యి వేసి అవతలికి తీసుకెళ్లాడు.

ఆమె స్టూలు మీది దిళ్లు తీసేసి, అతని పక్కన కూర్చుంది.

"మళ్లీ మొదట్నించి వాయించండి. ఆ మెట్టు దగ్గరికొచ్చాక ఆగండి."

"ఇప్పుడు పలుకుతుంది కదండీ."

"పలుకుతుంది. అయినా ఆగండి," అంది ఆమె. "అది నాది."