తెరిచి ఉన్న పేజీ

"బ్రదర్, ఆ పుస్తకం నేను చూస్తున్నానండీ."

షాలోమ్ తలెత్తాడు. చేతిలో బిర్యానీ ప్లేటుతో, కళ్లలో కోపంతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"మీ పేరేం రాసి లేదే, సిస్టర్!"

"ఒంటె గురించి చూద్దామని తీశాను. ప్లేటు తెచ్చుకునేలోపు మీరొచ్చి కూర్చున్నారు."

"ఒంటె కోసం ఇంత బరువు మోయాలా? ఫోన్‌లో కొడితే వచ్చేస్తుంది కదా."

"ఫోన్‌లో ఒంటె అని కొడితే ఒంటే వస్తుంది. ఈ ఇంగ్లీషు పుస్తకంలో 'క్యామెల్' కోసం వెళ్తుంటే దారిలో 'కెమెరా' తగుల్తుంది. అడగనిది ఎదురవుతుంది చూడండి, అదీ మజా."

షాలోమ్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆమె పేరు ప్రేమజ్యోతి. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లోని వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘం, అమెరికన్ల చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు హాలు అద్దెకు తీసుకునేది. హాలు వెనక కిటికీ లేని గది. అందులో ఎవరూ ముట్టని పాత ఎన్‌సైక్లోపీడియా. కుర్చీలు సర్దే పని షాలోమ్‌ది కాబట్టి గది తాళం తీసేదీ వేసేదీ అతనే.

మరుసటి ఆదివారం తాళం తీసేసరికి బల్ల మీద ఒక సంపుటం తెరిచి ఉంది. దీపస్తంభాల పేజీ. చీకటి సముద్రం మీద ఒక్కటే వెలుగు.

పోయిన వారం గదిలోంచి చివర బయటికి వచ్చింది ప్రేమజ్యోతే. తనకోసమే పెట్టి వెళ్లిందనుకున్నాడు షాలోమ్. ఆమె వచ్చి, పేజీ చూసి, అతన్ని చూసి నవ్వింది.

ఆ తర్వాత వారం వలస పక్షులు. ఆ పై వారం వానమబ్బులు; ఆ రోజు బయట నిజంగానే కుండపోత. తెరిచిన రెండు పేజీల్లో పది బొమ్మలుంటే మనసు తనకు కావలసిన ఒక్కదాన్నే ఏరుకుంటుందని షాలోమ్‌కి తెలుసు. తెలిసీ ఏరుకున్నాడు. ఆ గదిలో మాత్రం ఎప్పుడూ ఎవరో ఊపిరి బిగబట్టినట్టుండేది.

"ఒక మాట," అంది ప్రేమజ్యోతి ఒకరోజు, "నన్ను సిస్టర్ అనడం మానేయండి."

"మరేమనాలి?"

"అది కూడా నేనే చెప్పాలా?"

ఏప్రిల్‌లో ఒక బుధవారం అతనికి కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆమె మనసేమిటో తెలియకుండా ఊ అనలేడు, ఉహూ అనలేడు. సోమవారంలోగా జవాబివ్వాలి.

ఆదివారం తాళం తీశాడు. బల్ల మీద కాలిఫోర్నియా మ్యాప్.

ఈమెకెలా తెలిసింది అనుకున్నాడు. వెనకే వచ్చిన ప్రేమజ్యోతి పేజీ చూసి పాలిపోయింది.

"వెళ్లిపోతున్నారా? నోటితో చెప్పచ్చుగా. ఇలా పేజీ తీసి పెట్టాలా?"

"నేను పెట్టడమేంటి? పెట్టింది నువ్వు కదా, ఇన్నాళ్లూ?"

"నేనా? ప్రతివారం పుస్తకాలన్నీ అల్మారాలో సర్దేసే వెళ్తాను. మీరే పెడుతున్నారనుకున్నా."

ఇద్దరూ బల్లవైపు చూశారు. ఉద్యోగం వచ్చింది బుధవారం. గది వారమంతా మూసే ఉంది.

భయం కన్నా ముందు షాలోమ్‌కి సిగ్గేసింది. దీపస్తంభం, పక్షులు, వాన: వాటిలో ఏదీ ఆమె చెప్పలేదు. ఇన్నాళ్లూ తన కోరికనే ఆమె గొంతుతో విన్నాడు.

"అయితే నువ్వు నాకేమీ చెప్పలేదన్నమాట."

"మీరు మాత్రం చెప్పారా?"

బయట ఉరిమింది. గదిలో లైటు ఒక్కసారి రెపరెపలాడింది.

"ఇప్పుడు అడుగుతున్నా," అన్నాడు. "రేపటికల్లా వాళ్లకి చెప్పాలి. నువ్వంటే నాకిష్టం జ్యోతీ. నన్నేం చేయమంటావు?"

ఆమె అతని వైపు ఒక అడుగు వేసింది. అతని వీపు వెనక, బల్ల మీద, కాగితం కదిలిన చప్పుడు. ఒక పేజీ తాపీగా, ఎవరో చదవడం పూర్తిచేసినట్టుగా తిరిగింది.

అతని మెడ మీద వెంట్రుకలు లేచాయి. అయినా ఆశతో అటు తిరగబోయాడు. జవాబు అక్కడ ఉంటుందేమోనని.

ప్రేమజ్యోతి రెండు చేతులతో అతని చెంపలు పట్టుకుని ఆపేసింది.

"అటు చూడకు. నేను చెప్తున్నాగా. ఒక్కడివే వెళ్లకు."