పద్దెనిమిదో ర్యాంకు

ఉదయం పదీ ఇరవైకి చెక్ దేశంలో బ్రనో రైల్వే స్టేషన్ ముందు నాలుగో నంబరు ట్రామ్ కింద ఒక మనిషి పడిపోయాడు. కాలు జారిందని చూసినవాళ్ళు అన్నారు. ఎవరో తోశారని లిబోర్ ష్టెర్బాకి తెలుసు. ఆ మనిషి వస్తున్నది అతన్ని కలవడానికే.

అంబులెన్స్ వచ్చేలోపు లిబోర్ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, డాక్టరులా మోకాళ్ళ మీద కూర్చుని నాడి చూశాడు. నాడి లేదు. పిడికిట్లో మాత్రం నలిగిన కాగితం ముక్క ఉంది. దాని మీద పెన్సిలుతో ఒకే ముక్క: "7719. ఇది వైరస్ కాదు."

చనిపోయిన వ్యక్తి పేరు ఒండ్రెయ్ బ్లెఖా. మార్కెట్లో ఉన్న పద్దెనిమిది యాంటీవైరస్ ప్రోగ్రాములకీ నలభై వేల వైరస్‌లు చూపించి, ఏది ఎన్ని పట్టుకుందో లెక్కగట్టి ర్యాంకులిచ్చే ల్యాబ్ ఒకటి ఆ ఊళ్ళో ఉంది. అందులో వైరస్‌ల గది తాళం అతని దగ్గర ఉండేది. లిబోర్ ప్రాగ్ నుంచి వచ్చిన గూఢచారి. రెండు రోజులుగా కార్డాక్స్ అనే లేని కంపెనీ సేల్స్‌మన్‌గా, అతికించిన మీసంతో, ర్యాంకుల ప్రకటన కోసం కంపెనీలవాళ్ళు దిగిన హోటల్ లాబీలో కనబడ్డవాడికల్లా విజిటింగ్ కార్డు ఇస్తూ తిరుగుతున్నాడు. మీసం కింద ఒకటే దురద.

ఫోన్ మోగింది.

"మీ ఊళ్ళో వాన పడుతోందా?"

"గొడుగు ఇంట్లో మర్చిపోయానండి."

"సరే, చెప్పు," అంది కర్నల్ హోష్కోవా.

"నన్ను కలవడానికొస్తున్న ఒండ్రెయ్‌ని చంపేశారు మేడమ్."

"విను. నువ్వు వెతుకుతున్న విధ్వంసాల ముఠా వాళ్ళ మెసేజ్ ఒకటి దొరికింది. ముహూర్తం ఇవాళే, పన్నెండింటికి. ఏం చేస్తారో తెలీదు, ఎక్కడో తెలీదు. ఆ ల్యాబ్ నుంచే అని మాత్రం తెలుసు. అక్కడ మన మనిషి సిమోనా ఉంది, ఆమెను కలువు."

"పన్నెండుకే ఎందుకు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపిస్తాను?"

లిబోర్ కొండ ఎక్కి ల్యాబ్ చేరేసరికి పెట్రోవ్ చర్చిలో పన్నెండు గంటలు కొట్టారు. అంటే పదకొండయిందన్నమాట. మధ్యాహ్నం గంట ఒక గంట ముందే కొట్టడం బ్రనోవాళ్ళకి వందల ఏళ్ళ అలవాటు. ఆ సంగతి తెలిసి కూడా అతను చటుక్కున చేతి గడియారం చూసుకున్నాడు.

ల్యాబ్ డైరెక్టర్ ఎవ్జెన్ ట్రన్కా సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్న అరవై ఏళ్ళ మనిషి. ఒండ్రెయ్ పోయాడని వినగానే కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు, ఎంతసేపటికీ ఆపలేదు. పక్కన నిలబడిన సిమోనా వలాష్కోవా ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఎర్ర కోటు, నల్లటి పొట్టి జుట్టు, ఎవరైనా రెండోసారి చూసే ముఖం. ల్యాబ్‌కి వచ్చే ఉత్తరాలూ కంపెనీల వ్యవహారాలూ ఆమెవే. ఆరేళ్ళుగా ప్రాగ్‌కి రహస్య సమాచారం పంపేది కూడా ఆమే.

"7719 అంటే ఏంటండీ?" అన్నాడు లిబోర్.

ట్రన్కా కంప్యూటర్ వైపు తిరిగాడు. "మా దగ్గరున్న వైరస్ నమూనాల్లో ఒకటి. మార్చిలో ఒక ఉత్తరంతో వచ్చి చేరింది. ఇదిగో, ఏప్రిల్ పరీక్షలో పద్దెనిమిదింటిలో ఒక్కటీ దీన్ని పట్టలేదు. పట్టనివాటిని ఆయా కంపెనీలకు పంపించడం మా రివాజు. చూసి నేర్చుకుంటారని."

"నేర్చుకున్నారా?"

"నిన్న అందరూ కొత్త అప్‌డేట్లు పంపారు. ఇవాళ పన్నెండుకి ఆఖరి పరీక్ష. అదే నిమిషానికి అవి జనం కంప్యూటర్లలోకీ వెళ్తాయి. వాటిలో పదిహేడు దీన్ని వైరస్ అంటున్నాయి, కనబడగానే చెరిపేస్తాయి."

"పద్దెనిమిదోది?"

"స్ట్రాజ్. ఓలొమోత్సులో ఒక ముసలాయన వంటింట్లో కూర్చుని రాస్తాడు. ఎప్పుడూ ఆఖరి ర్యాంకే. మిగతావాళ్ళు మేం పంపింది చూడకుండానే జాబితాలో కలిపేసుకుంటారు బాబూ. ఈయన మాత్రం ప్రతి ఫైలూ నడిపి, అది ఏం చేస్తుందో చూసి గాని కలపడు. అందుకే ఎప్పుడూ వెనకబడతాడు."

లిబోర్ వెంటనే ఓలొమోత్సుకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. బెద్రిఖ్ కవాలిర్ గొంతు చిరాగ్గా ఉంది.

"7719 వైరసేంటయ్యా, నీ మొహం! అది వ్రబోవ్కా ఫ్యాక్టరీలో క్లోరిన్ ట్యాంకుల్ని చల్లగా ఉంచే పంపు ప్రోగ్రాం. ముప్పయ్యేళ్ళు అక్కడే పనిచేశాను, నాకు తెలీదూ? అది చెరిగిపోతే పంపు ఆగిపోద్ది. పావుగంటలో ట్యాంకు మూత లేచిపోయి ఊరంతా విషవాయువు నిండిపోద్ది."

లిబోర్ ఫోన్ మీదికి వంగాడు. వ్రబోవ్కా అతని సొంత ఊరు. భార్య యిత్కా అక్కడి బళ్ళో టీచరు. ఫ్యాక్టరీ గోడకీ బడి గోడకీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం.

"ఈ మాట ఎవరికైనా చెప్పారా తాతా?"

"ఏప్రిల్‌లోనే ల్యాబ్‌కి ఉత్తరం రాశాను. మీ అమ్మాయెవరో భలే మర్యాదగా థాంక్స్ చెప్పింది."

లిబోర్ గిరుక్కున తిరిగాడు. సిమోనా చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. బయటికి వచ్చినప్పుడు ఆ చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"ముసలాళ్ళకి ఉత్తరాలు రాసే జబ్బొకటి," అంది. "చేతులు పైకెత్తండి ష్టెర్బా గారూ. మీసం ఊడిపోతోంది, అది పట్టుకోనక్కర్లేదు."

లిబోర్ జేబులో ప్రాగ్ వాళ్ళు ఇచ్చిన పెన్ను ఉంది. మీట నొక్కితే మత్తుమందు చిమ్మి ఎదుటివాళ్ళు పడిపోతారని చెప్పి ఇచ్చారు. చేతులెత్తుతున్నట్టు నటిస్తూ నొక్కాడు. చొక్కా నిండా సిరా కారింది.

సిమోనా పకపకా నవ్వింది. అంతే, ఇరవై ఏళ్ళుగా ఎవరి మీదా గొంతు పెంచి ఎరగని ట్రన్కా బల్ల మీది పరీక్ష ఫలితాల ఫైలు రెండు చేతులా ఎత్తి ఆమె మీదికి విసిరాడు. ఐదు కిలోల ఫైలు. పిస్టల్ ఎగిరి బీరువా కిందికి పోయింది. లిబోర్ ఆమె చెయ్యి మెలిపెట్టి, కిటికీ కింద ఉన్న హీటర్ గొట్టానికి బేడీ వేశాడు.

"ఒండ్రెయ్‌ని నువ్వే చంపించావా?" అన్నాడు ట్రన్కా. "మొన్న నీ పుట్టినరోజుకి కేకు తెచ్చాడే వాడు!"

ఆమె గోడ గడియారం చూసింది. పదకొండూ పద్దెనిమిది.

"ఇవాళ జూన్ మొదటి బుధవారం," అంది తాపీగా. "పన్నెండుకి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసుగా?"

తెలుసు. నెలకోసారి, మొదటి బుధవారం సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి దేశమంతా సైరన్లు మోగించి పరీక్షిస్తారు. ఆ మోతకి చెక్ దేశంలో ఒక్కరు కూడా తల తిప్పరు. ఫ్యాక్టరీ సైరన్ నిజంగా మోగినా సరే, వ్రబోవ్కాలో తొమ్మిది వేల మందీ పరీక్షేలే అనుకుని సూప్ తాగుతూ కూర్చుంటారు.

లిబోర్ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. తీగ కోసేశారు, బడి ఫోనూ మోగలేదు. పోలీసులకి చేస్తే, ఆ ఊళ్ళో ఉన్న ఒక్క కారూ ఎవడో చెప్పిన దొంగ ప్రమాదం వెతుక్కుంటూ అడవి దారిలో తిరుగుతోందట. యిత్కాకి చేశాడు. క్లాసులో ఉంటే ఆమె ఫోన్ కట్టేస్తుంది. ఎన్నిసార్లు పోట్లాడాడో ఆ అలవాటు మానమని! కర్నల్‌కి చేస్తే ఆవిడ రెండు కార్లు పరిగెత్తించింది, కానీ దారి గంటంబావు.

"ఫ్యాక్టరీలో ఏ యాంటీవైరస్ ఉంది?"

"ఫెర్రోగార్డ్," అన్నాడు ట్రన్కా. "ఫస్ట్ ర్యాంకు."

లిబోర్ ఫెర్రోగార్డ్ ఆఫీసుకి ఫోన్ చేసి, 7719ని జాబితాలోంచి తీసెయ్యమని బతిమాలాడు. అటువైపు మేనేజర్ ఓపిగ్గా అంతా విన్నాడు.

"మీరు కార్డాక్స్ సేల్స్‌మన్ కదూ? నిన్న లాబీలో కార్డిచ్చారు. గొంతు గుర్తుపట్టాను. పరీక్షకి అరగంట ముందు మా మార్కు తగ్గించుకోవాలా? బాగుంది బాబూ నీ తెలివి!" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకో మూడు కంపెనీలకు చేశాడు. ఒకాయన లాయరుతో మాట్లాడమన్నాడు. ఒకావిడ హోం మంత్రి సంతకంతో కాగితం పంపమంది. మూడోవాడు నవ్వాడు. కర్నల్ మంత్రి చేతే ఫోన్ చేయిస్తానంది, మంత్రి భోజనానికి లేచాడట.

పదకొండూ నలభై. లిబోర్ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాడు.

"కూర్చోండి ష్టెర్బా గారూ," అంది సిమోనా. "ఆరేళ్ళుగా చూస్తున్నాను వీళ్ళని. దేవుడు దిగొచ్చి చెప్పినా వినరు. ఆ ర్యాంకుల పట్టికలో పైన ఉండటం తప్ప వాళ్ళకి ఇంకో లోకం లేదు."

లిబోర్ టక్కున ఆగిపోయాడు. ఆమెను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"ట్రన్కా గారూ! మీరు చెబితే వింటారు."

"నేనా?"

"ఒక్క మెయిల్. ఇవాళ్టి పరీక్షలో మంచి ఫైళ్ళు కూడా ఉన్నాయి, 7719 వాటిలో ఒకటి, దాన్ని వైరస్ అన్నవాళ్ళ పేరు పట్టికలోంచి కొట్టేస్తాం అని రాయండి."

ట్రన్కా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "పరీక్షలో ఏముందో ముందే చెప్పమంటారా? పదిహేనేళ్ళలో మా అన్నయ్య కొడుక్కి కూడా చెప్పలేదు. వాడూ ఒక కంపెనీలో ఉన్నాడు. చెప్పానని తెలిస్తే రేపటి నుంచి ఈ పట్టికని ఎవడు నమ్ముతాడు? నాకు ఉన్నది ఆ ఒక్క పేరే."

"మా ఆవిడ ఆ ఊళ్ళో ఉందండీ," అన్నాడు లిబోర్.

ట్రన్కా ఒండ్రెయ్ ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. రెండే రెండు వాక్యాలు రాసి, కింద తన పేరు పెట్టి, పదకొండూ నలభై ఆరుకి పంపేశాడు.

"పోయింది," అన్నాడు. మెయిల్ గురించో, పేరు గురించో చెప్పలేదు.

సిమోనా మొదటిసారి కుదురుగా కూర్చోలేకపోయింది. బేడీ గొట్టానికి తగిలి గణగణలాడింది.

మూడు నిమిషాల దాకా ఏమీ లేదు. యాభైకి మొదటి కంపెనీ కొత్త అప్‌డేట్ వచ్చింది, అందులో 7719 లేదు. వెంటనే రెండు, తర్వాత ఒకేసారి అయిదు. మంత్రి సంతకం అడిగినావిడ యాభై మూడుకి పంపింది. యాభై ఏడుకల్లా పదహారు కంపెనీలు దిగొచ్చాయి.

ఫెర్రోగార్డ్ రాలేదు.

యాభై ఎనిమిది. లిబోర్ మళ్ళీ ఫోన్ చేశాడు, బిజీ. యాభై తొమ్మిది. ట్రన్కా గోళ్ళు కొరుకుతున్నాడు. ముప్పై సెకన్లు. ఇరవై. ఫోన్ మోగింది.

"డైరెక్టర్ గారూ!" ఫెర్రోగార్డ్ మేనేజర్ రొప్పుతున్నాడు. "ఇప్పుడే మార్చి పంపాం, చూసుకోండి. మాకు ముందు నుంచీ అనుమానమే ఆ ఫైలు మీద! పట్టిక నుంచి తీసెయ్యరు కదా?"

తెర మీద పదిహేడో గడి పచ్చబడింది. అప్పటికి ఇంకా ఏడు సెకన్లున్నాయి.

బ్రనో అంతటా సైరన్లు మోగాయి. కింద వీధిలో ఒక్కరూ ఆగలేదు, ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్ళు తింటూనే ఉన్నారు. లిబోర్ ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పావుగంట. ఆ పావుగంటలో అతను ఎరిగిన ప్రార్థనలన్నీ అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పన్నెండూ పదిహేడుకి యిత్కా నుంచి ఫోన్ వచ్చింది.

"పదకొండుసార్లు చేశావేంటి? క్లాసులో ఉన్నాను, తెలీదా? ఏమైంది?"

"ఏం లేదు," అన్నాడు. "సైరన్ వినబడిందా?"

"వినబడక? మొదటి బుధవారం కదా. దీనికా ఫోన్ చేశావు? ఏంటి... ఏడుస్తున్నావా లిబోర్?"

సిమోనాని సాయంత్రం ప్రాగ్ తీసుకెళ్ళారు. ట్రన్కా హోటల్ హాల్లో మైకు ముందు నిలబడి, ఈ ఏడు పట్టిక చెల్లదని, తప్పు తనదేనని, కారణం చెప్పలేనని చెప్పాడు. పదిహేడు కంపెనీలు గోల చేశాయి. ఆయన వాళ్ళ వంక చూస్తూ, చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నవాడిలా నవ్వాడు.

మర్నాడు కర్నల్ హోష్కోవా రిపోర్టు చదివి పక్కన పెట్టింది.

"మన ఆఫీసులో ఉన్నది కూడా ఫెర్రోగార్డే. మార్చెయ్యాలంటావా?"

"స్ట్రాజ్ పెట్టించండి మేడమ్."

"టెండర్ రూలు ఒప్పుకోదు. మొదటి మూడు ర్యాంకుల్లోదే కొనాలి."

"పోనీ ఆ తాతనే ఉద్యోగంలోకి పిలవండి."

"పొద్దున్నే పిలిచాను," అంది కర్నల్ నిట్టూరుస్తూ. "తీరిక లేదన్నాడు. ఇంకా రెండు వేల ఫైళ్ళు నడిపి చూడాలట."