వట్టివేళ్ల వాసన

ప్రొద్దుటూరులో 'పత్తి గోడౌన్' అని బోర్డున్న ఆ భవనంలో గుప్పెడు పత్తి కూడా లేదు. ఉన్నదల్లా పంచ్‌కార్డుల మిషన్. దేశంలోని అనుమానితుల గుర్తులన్నీ ఆ కార్డుల మీద చిల్లులుగా ఉంటాయి. గుర్తు చెబితే చాలు, క్షణాల్లో మనిషి కార్డు బయటపడాలి.

"మిషన్ అప్పుడప్పుడు నత్తనడక నడుస్తోంది," ఫోన్లో చీఫ్ అన్నాడు. "నడిచిన ప్రతిసారీ శత్రుముఠా మనిషొకడు జారిపోతున్నాడు. ఆపరేటర్ కరీముల్లా మీద అనుమానం. సాయంత్రం అరెస్టు. ఈలోగా నిజం తేల్చు."

ఏజెంట్ మున్వర్ మెకానిక్ వేషంలో గేటు తట్టాడు.

"మైదుకూరు కాలవకు నీళ్లొచ్చినాయా?"

"యాడొచ్చినాయప్పా." కోడ్ కుదిరింది. వాచ్‌మన్ నారాయణ తలుపు తీశాడు.

బయట 1967 మే నెల ఎండ. లోపల ప్రాణం లేచొచ్చింది. కిటికీలకు తడిసిన వట్టివేళ్ల తడికలు కట్టారు. సూపర్‌వైజర్ మిస్ మోనా నల్లకళ్లద్దాలు తీసి నవ్వింది. అంత అందమైన నవ్వును మున్వర్ వెంటనే అనుమానించాడు.

మోటారు, బెల్టు, వోల్టేజీ చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

కరీముల్లా చేతులు జోడించాడు. "నేనేం చేయలేదు సార్. నిన్న బాగా తిరిగింది. ఈరోజు కార్డులు ఇరుక్కుంటాండాయి."

"నిన్నటికీ ఈరోజుకీ తేడా ఏంది?"

"ఏం లేదు సార్. నిన్న ఉడికి చచ్చినాం. ఈరోజు మేడమ్ దయ."

ఫోన్ మోగింది. ఎర్రగుంట్ల స్టేషన్లో ఒక సాధువు బొంబాయి మెయిల్ కోసం కూర్చున్నాడు. కుడిచేతికి ఆరు వేళ్లు. ఎవరో తేలకపోతే వదిలేయాల్సిందే.

మిషన్ గర్రుమని ఆగింది. మున్వర్ ఇరుక్కున్న కార్డు లాగాడు. తడిగాలి తగిలిన అప్పడంలా మెత్తబడి ఉబ్బింది.

తడికలు మళ్లీ తడపడానికి నారాయణ నిండు బిందెతో వచ్చాడు.

"రోజూ నీళ్లు కొడతాండావా?"

"లేదు సార్. మేడమ్ చెప్పిన దినమే."

మే నెలలో చల్లదనాన్ని అనుమానించే మనిషి ఈ జిల్లాలో పుట్టలేదు. ఆమె ధైర్యం అదే.

మోనా లిప్‌స్టిక్ మూత తీసింది. అది పిస్తోలు. "కదలొద్దు, మిస్టర్ మెకానిక్."

నారాయణ బిందె ఆమె ముఖాన బోర్లించాడు. మున్వర్ ఆమె చేయి ఒడిసిపట్టాడు.

"ఇడ్సప్పా నన్ను," అంది రెండు దేశాల జీతం తింటున్న మోనా. ఈ జిల్లాలోనే ఉన్న తొండూరు యాస బయటపడింది.

కార్డుల ట్రేలు మిద్దెక్కాయి. కరీముల్లా వాటిని వడియాల్లా పరిచాడు. కడప ఎండకు కాసేపట్లోనే ఫెళఫెళలాడాయి. మళ్లీ మిషన్ తిరిగింది, కార్డు పడింది. ఎర్రగుంట్లలో గార్డు పచ్చజెండా ఎత్తేలోపు సాధువు ఆరు వేళ్ల చేతికి బేడీ పడింది.

మున్వర్ తడికలన్నీ పీకించాడు. కరీముల్లా అరెస్టు రద్దయింది. చెమటకు తడిసిన చొక్కా పిండుకుంటూ అతను మిషన్ ముందు కూర్చున్నాడు.

"నా పరువు నిలబెట్టినావు సార్, శానా సంతోషం. కానీ జైలుకు పోయింటే ఆడ చెట్టు నీడన్నా ఉండేది."